కొత్త జెర్బిల్‌ని పాతదానితో ఎట్ల కలపాల?

ప్రశ్న (తిరుపతి, భవానీనగర్ నుంచి)

అందరికీ నమస్తే. మా అబ్బోడు రెండు జెర్బిళ్లను (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువులు) పెంచుకుంటా ఉండాడు. రెండూ ఒకే ఈతలో పుట్టిన మగవి. పోయిన నెల ఒకటి చచ్చిపోయింది. మిగిలినదానికి ఏడాదిన్నర వయసు. అప్పట్నుంచి అది సరిగా తినడం లేదు, ఇసుకలో పొర్లడం కూడా మానేసి మూలన ముడుచుకోని ఉంటాది. చూడలేక మా ఆయన చెన్నైకి పోయినప్పుడు ఇంకోటి తెచ్చినాడు. మగదేనని షాపాయన చెప్పినాడంట. వయసు అడిగితే "చిన్నదే సార్" అన్నాడంట. ఇప్పటికి దాన్ని వేరే గదిలో వేరే తొట్టిలో పెట్టినాం. రెండిటినీ ఒకచోట వదిలేయొచ్చా? తెలిసినామె ఒకామె "రెండిటి మీదా రవంత పౌడరు చల్లి వదిలేయండి, ఒకటే వాసనొస్తే కొట్టుకోవు" అనింది. అబ్బోడు భయపడతా ఉండాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (చిత్తూరు, కొంగారెడ్డిపల్లె నుంచి)

అక్కా, పౌడరు చల్లొద్దు. ఇప్పుడే కలపనూ వద్దు. మీ అబ్బోడు భయపడింది సరైన భయమే.

ఇవి మంగోలియా, ఉత్తర చైనా గడ్డిమైదానాల జంతువులు. అక్కడ ఒక్కో కుటుంబం ఒక్కో బొరియలో ఉంటూ చుట్టుపక్కల నేలనంతా కాపలా కాస్తుంది. పాతదాని పొట్ట చూడండి, మధ్యలో వెంట్రుకల్లేని పొడుగాటి మచ్చ ఉంటుంది. అది వాసన గ్రంథి. దాన్ని రాళ్లకీ పుల్లలకీ రుద్దుతూ తన హద్దు గుర్తు పెట్టుకుంటుంది. ఆ వాసన లేని జెర్బిల్ లోపలికొస్తే దొంగ కిందే లెక్క. అడవిలోనైతే వచ్చింది పారిపోతుంది. తొట్టిలో పారిపోయే దారి లేదు కాబట్టి ప్రాణం మీదికి వస్తుంది. పౌడరు ఆ వాసనను కాసేపు కప్పుతుందేమో గానీ మార్చలేదు, పైగా ఆ దుమ్ము వాటి ఊపిరికి మంచిది కాదు.

కొత్తదాన్ని రెండు వారాలు వేరే గదిలోనే ఉంచండి. విరేచనాలు, చర్మం మీద పురుగు లాంటివి ఉంటే ఈలోగా బయటపడతాయి. దానికి చేసినాక చేతులు కడుక్కున్న తర్వాతే పాతదాని జోలికి పోవాల.

ఈలోగా అది మగదో ఆడదో మీరే చూసుకోండి, షాపు మాట మీద ఉండొద్దు. మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య ఎడం మగదాంట్లో ఎక్కువ, ఆడదాంట్లో రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఎదిగిన మగదానికి తోక మొదట్లో ఉబ్బు కూడా తెలుస్తుంది. ఆడదైతే 24 నుంచి 26 రోజుల్లో పిల్లలు పెడుతుంది, ఈనిన వెంటనే మళ్లీ చూలు కట్టగలదు. అది వేరే కథ. చూసేటప్పుడు తోక పట్టి ఎత్తొద్దు. తోక చర్మం ఊడి చేతికొచ్చేస్తుంది, ఊడింది మళ్లీ రాదు. రెండు అరచేతులూ దోసిలిగా చేసి ఎత్తండి.

మరొకరు (తిరుపతి, కొర్లగుంట నుంచి)

ఇంత అవసరమా అన్నా? మేము కొత్తదాన్ని తెచ్చిన రోజే పాతదాంట్లో వదిలినాం. ఏమీ కాలేదు, కలిసే ఉండాయి.

చిత్తూరు

తమ్ముడూ, మీరు తెచ్చింది ఆరు నుంచి ఎనిమిది వారాల పిల్ల అయ్యుంటుంది. ఎదిగిన మగ జెర్బిళ్లు అంత చిన్న పిల్లలను చాలావరకు చేరదీస్తాయి. రెండూ ఎదిగినవైతే ఆ పని జరగదు. అక్కవాళ్లది ఎంత వయసో తెలియదు, షాపులో "చిన్నదే" అన్నమాటకి లెక్కేముంది? పిల్లే అయినా మధ్యలో జాలీ పెట్టి మొదలుపెట్టడమే నా సలహా. పోయేది కొన్ని రోజులు, అంతే.

తిరుపతి (అడిగినామె)

జాలీ అంటే ఎట్లా అన్నా? మా దగ్గర పాత చేపల తొట్టి ఉండాది, రెండున్నర అడుగుల పొడుగు.

చిత్తూరు

అది బ్రహ్మాండంగా సరిపోతుందక్కా. హార్డ్‌వేర్ షాపులో ఇనుప జాలీ అడగండి. కన్ను పావు అంగుళానికి మించకూడదు, పెద్దదైతే ముక్కు దూర్చి కరుచుకుంటాయి. ప్లాస్టిక్ దోమల జాలీ ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. తొట్టి వెడల్పుకి సరిగ్గా కోయించి, కోసిన మొనలు లోపలికి మడవండి. జాలీ అడుగున గాజును తాకాల, పైన మూతకి తగలాల. పక్కన వేలు పట్టే సందు కూడా ఉండకూడదు. ఇవి తవ్వే జాతి, అందుకని పరుపు మొదట్లో పలుచగా వేయండి. మందంగా వేస్తే కింద నుంచి జాలీని కదిలిస్తాయి.

పరుపుకి కాగితం ముక్కలు, ఎండుగడ్డి చాలు. వడ్రంగి దగ్గర దొరికే రంపపు పొట్టు వద్దు, దుమ్ము ఎక్కువ.

రెండు పక్కలా ఒకేలా పెట్టండి: నీళ్లు, కొర్రలు, దాక్కోడానికి చిన్న మట్టి ముంత. వేరుశనగ గింజలు, పొద్దుతిరుగుడు గింజలు ఎప్పుడన్నా ఒకటి రెండు చాలు, కొవ్వు ఎక్కువ.

ఇక అసలు పని. పొద్దున, మధ్యాహ్నం, మాపటికి, పడుకునే ముందు దాన్ని ఇటు, దీన్ని అటు మార్చండి. జంతువులు మాత్రమే మారాల, పరుపూ ముంతా ఉన్నచోటే ఉండాల. అప్పుడు ఒకదాని గూట్లో ఇంకొకటి పడుకుంటుంది, ఒకదాని వాసన ఇంకొకదాని ఒంటికి పడుతుంది. కొన్నాళ్లకి ఎవరి హద్దు ఏదో రెండిటికీ తెలియకుండా పోతుంది. ఈ రోజుల్లో తొట్టి కడగొద్దు, మురికైన చోట గుప్పెడు తీసేస్తే చాలు.

మొదట జాలీ దగ్గర ఒళ్లు ఉబ్బించుకోని గీరుతాయి, జాలీని కొరుకుతాయి, వెనక కాళ్లతో నేలను దబదబా కొడతాయి. అది మామూలే. తక్కువలో తక్కువ వారం, కొన్నిటికి మూడు వారాలు పడుతుంది. తేదీ చూసి జాలీ తీయొద్దు. రెండూ జాలీకి ఆనుకునే గూడు కట్టుకోని చెరోవైపు నిద్రపోవాల, మార్చినప్పుడు కంగారు లేకుండా గింజలు తినాల. అప్పుడు ఆలోచించండి.

ఇంకొకరు (మదనపల్లె నుంచి)

నా దగ్గర ఆడవి రెండు ఉన్నాయి మేడం, అక్కాచెల్లెళ్లు. మూడోదాన్ని కూడా ఇట్లే కలపొచ్చా అని అన్నగారిని అడుగుతున్నా. హ్యామ్‌స్టర్ అని ఎలుకలాంటిదే ఇంకో పెంపుడు జంతువు కూడా ఉంది, దాన్ని?

చిత్తూరు

హ్యామ్‌స్టర్‌తో ఎప్పటికీ వద్దు. ఆడ జెర్బిళ్లు మూడైతే బాగున్నట్టే ఉండి ఒక రోజు ఉన్నట్టుండి విడిపోతాయి, ఉన్న అక్కాచెల్లెళ్ల జత కూడా చెడిపోవచ్చు. కలిసున్న రెండిటినీ అట్లే వదిలేయండి. జాలీ పద్ధతి ఒకటికి ఒకటి కలపడానికే. మన పొలాల్లో కూడా జెర్బిల్ కుటుంబం ఎలుకలున్నాయి, వాటిని పట్టి తెచ్చి జత చేద్దామని ఎవరూ అనుకోవద్దు. జాతే వేరు.

తిరుపతి (అడిగినామె)

అన్నా, మీరు చెప్పినట్టే చేసినాం. కొత్తది మగదే. ఇప్పుడు జాలీకి ఆ పక్క ఈ పక్క ఆనుకోని పడుకుంటా ఉండాయి. కానీ కొత్తదాని ముక్కు చుట్టూ ఎర్రగా ఉండాది. కరిచిందా? ఇంకోటి, ఎండలు ముదురుతా ఉండాయి, కూలర్ పెట్టేదా?

చిత్తూరు

తడి దూది ముక్కతో ముక్కు తుడిచి చూడండక్కా. కింద గాయం లేకుంటే అది నెత్తురు కాదు. కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్ర ద్రవం, బెదురులో ఎక్కువ ఊరుతుంది. ఎక్కువ రోజులు తగ్గకపోయినా, పుండు పడినా మన వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది, చూపించండి.

ఎండ సంగతి అశ్రద్ధ చేయొద్దు. వీటికి 20 నుంచి 24 డిగ్రీలు హాయి. తిరుపతిలో మే నెలలో 40 దాటుతుంది, గాజు తొట్టిలో వేడి నిలిచిపోతుంది. మిద్దెకి ఆనుకోని ఉండే పైగదిలో పెట్టొద్దు, కింది అంతస్తులో ఎండ పడని గోడ పక్కన పెట్టి పైన జాలీ మూతే వాడండి. కూలర్ గాలి తేమ, దాంతో బొచ్చు జిడ్డుగా అతుక్కుంటుంది. బండరాయి పలక ఒకటి లోపల పెట్టండి, దాని మీద పడుకోని చల్లబడతాయి. జాలీ తీసే పని ఎండలు ముదరక ముందే కానిచ్చేయండి.

తీసే రోజు ఇంట్లో మీరు పొద్దంతా ఉండేలా చూసుకోండి, పొద్దున్నే మొదలుపెట్టండి. రెండిటికీ పరిచయం లేని చిన్న టబ్బు తీసుకోని అడుగున పరుపు, కొన్ని గింజలు చల్లండి. ముంత వద్దు, అవి ఎక్కి పరిగెత్తే చక్రం వద్దు. ఏదన్నా ఉంటే అది నాదని ఒకటి కాపలా కూర్చుంటుంది. చేతికి మందపాటి తోలు గ్లౌజు వేసుకోండి, పిండి జల్లెడ పక్కన పెట్టుకోండి. గొడవైతే జల్లెడను ఒకదాని మీద బోర్లించేయొచ్చు.

వాసన చూసుకోవడం, ఒకటి తల వంచి రెండోదాని నోటి కిందికి దూర్చడం, మొహం నాకడం మంచి గుర్తులు. రవంత తరుముకోవడం, మీదెక్కడం ఫర్వాలేదు. నిటారుగా నిలబడి ముందు కాళ్లతో తోసుకుంటే కళ్లార్పకుండా చూడండి. ఒళ్లు ఉబ్బించి పక్కవాటుగా జరుగుతూ తోక విదిలిస్తుంటే వెంటనే విడదీయండి. రెండూ ఉండలాగా చుట్టుకోని దొర్లితే ఆలోచించే టైము ఉండదు, గ్లౌజు లేకుండా చెయ్యి పెట్టొద్దు. నెత్తురు వస్తే మళ్లీ జాలీకి పోయి మొదటినుంచి, ఈసారి ఎక్కువ రోజులు. గట్టి గాయమైతే ఆ జతను వదిలేయడం మంచిది.

తిరుపతి (అడిగినామె)

నిన్న తీసినాం అన్నా. మొదట తరుముకున్నాయి, మధ్యాహ్నానికి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయినాయి. రాత్రంతా నేనూ అబ్బోడూ మార్చి మార్చి చూసినాం. పాతది మళ్లీ తింటా ఉండాది. అబ్బోడు చక్రం పెట్టేస్తానంటా ఉండాడు. తొట్టి కడిగేదా?

చిత్తూరు

చాలా సంతోషం అక్కా. కడగొద్దు. తొట్టిలో జాలీని గోడలాగా అడ్డం పెట్టి రెండిటినీ ఒక సగంలోనే ఉంచండి. రెండూ పట్టే ముంత ఒక్కటే పెట్టండి, రెండు పెడితే చెరోటి పంచుకుంటాయి. రెండు వారాల్లో జాలీని కొంచెం కొంచెంగా జరుపుతూ పోండి, చక్రం ఆ తర్వాతే. చక్రం సందులు లేనిదై ఉండాల, కమ్మీలదైతే తోక ఇరుక్కుంటుంది. ఇకమీదట శుభ్రం చేసినప్పుడల్లా సగం పరుపు పాతదే ఉంచండి. ఒకదానికి జబ్బు చేసి ఆసుపత్రికి తీసుకెళ్తే రెండిటినీ ఒకే డబ్బాలో తీసుకెళ్లండి. ఒకటే పోయి వేరే వాసనతో తిరిగొస్తే మళ్లీ కొత్తదాని కిందే చూసి కొట్లాడుకోవచ్చు.