పైలట్ నిద్రకు టికెట్‌లో ఎంత పడుతుంది?

కిటికీ సీటు (చర్చ ప్రారంభం)

మా అక్క కొడుకు ఒక విమానసంస్థలో కో-పైలట్. ఏ సంస్థో చెప్పను, చెబితే వాడు నన్ను ఇంట్లోకి రానివ్వడు. మొన్న వాళ్ల ఇంట్లో రెండు రోజులు ఉన్నాను. సాయంత్రం ఏడింటికి, వీధిలో పిల్లలు ఇంకా క్రికెట్ ఆడుతుండగానే, గది కిటికీకి మందపాటి దుప్పటి వేలాడదీసి, తలుపు కింది సందులో తువ్వాలు కుక్కి పడుకున్నాడు. కుక్కర్ కూతకు లేస్తాడని అక్క పప్పు గిన్నెలోనే ఉడకబెట్టింది. రాత్రి ఒంటిగంటన్నరకు అలారం, రెండింటికి కారు. ఆ రోజు నాలుగు సెక్టార్లు, అంటే నాలుగుసార్లు లేపడం, నాలుగుసార్లు దించడం. తిరిగి వచ్చాక "నిద్ర పట్టిందిరా?" అని అడిగితే "పడుకున్నాను మామయ్యా, నిద్రపోయానని చెప్పలేను" అన్నాడు.

2025 డిసెంబరు మొదటి వారం అందరికీ గుర్తుండే ఉంటుంది. పైలట్లకు వారంలో ఏకబిగిన ఇవ్వవలసిన విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. మొదటిది 2025 జులై నుంచి, రెండోది నవంబరు 1 నుంచి అమలు. దేశంలో అరవై శాతానికి పైగా ప్రయాణికులను మోసే ఇండిగో దగ్గర సరిపడా పైలట్లు లేక వేల విమానాలు రద్దయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా. అదే రోజు విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇండిగోకు రాత్రి డ్యూటీ నిబంధనలను ఫిబ్రవరి 10 వరకు సడలించింది.

నియమం పెట్టినవారే గంటల్లో దాన్ని పక్కన పెట్టారు. టికెట్ చౌకగా ఉండాలన్నా, కావలసినన్ని విమానాలు తిరగాలన్నా పైలట్ నిద్రకు కోత పడక తప్పదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కాదా? మీరేమంటారు?

కర్నూలు హైవే

కాదంటాను. హైదరాబాద్–బెంగళూరు మధ్య పదిహేనేళ్లుగా తిరుగుతున్నాను, అందులో సగం ఏళ్లు స్లీపర్ బస్సుల్లోనే. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న అదే రహదారి మీద కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర మళ్లీ బస్సు, మళ్లీ మంటలు, 19 మంది ప్రయాణికులు. ఒక్క 2022లోనే దేశంలో రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది.

ఇప్పుడు చౌక విమానాల సంగతి చూడండి. ఇండిగో 2006లో మొదలైంది. ఇన్నేళ్లలో ఆ విమానం కూలి చనిపోయిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు. యూరప్‌లో రయనెయిర్‌ది 1985 నుంచి అదే చరిత్ర. అమెరికాలో సౌత్‌వెస్ట్ 1971 నుంచి ఎగురుతుంటే, విమాన ప్రమాదంలో చనిపోయిన ప్రయాణికురాలు ఒక్కరే, 2018లో ఇంజిన్ ముక్క తగిలి. చౌకగా అమ్మేది నాసిరకమే అయి ఉంటుందని చీరల దుకాణంలో అనుకోవచ్చు, విమానాల దగ్గర ఆ లెక్క పనికిరాదు. నన్ను స్లీపర్ బస్సు దించి విమానం ఎక్కించింది చౌక టికెట్టే. దాన్ని ఖరీదు చేస్తే మళ్లీ ఆ బస్సు బెర్తులోకే పోతాను.

మధ్య సీటు

మరి అహ్మదాబాద్ సంగతో? అది కూడా చౌక సంస్థదే కదా?

పాత స్పానర్

కాదండీ. 2025 జూన్ 12న కూలింది ఎయిరిండియా విమానం. భోజనం, బిజినెస్ క్లాసు అన్నీ ఉన్న సంస్థ, లండన్ వెళ్లే బోయింగ్ 787. నేల మీద ఉన్నవారితో కలిపి 260 మంది పోయారు. దాన్ని ఈ చర్చలోకి లాగకండి, ఆ దర్యాప్తు కథ వేరు.

నేను ముప్పై రెండేళ్లు విమానాల కింద పడుకుని బోల్టులు బిగించినవాణ్ణి, ఇప్పుడు రిటైరయ్యాను. టికెట్ ఎలా చౌక అవుతుందో చెబుతాను. ఒకే రకం విమానాలు కొంటారు. అందరు పైలట్లూ దాన్నే నడుపుతారు, అందరు మెకానిక్‌లూ దాన్నే విప్పుతారు, ఒకే స్పేర్ పార్టు అన్నింటికీ పనికొస్తుంది. భోజనం పెట్టరు. దిగిన అరగంటలో మళ్లీ ఎగరాలి. వీటిలో ఏదీ ప్రమాదం కాదు. ఒకే రకం విమానాన్ని రోజూ చూసే మెకానిక్ చెవికి అది చేసే శబ్దంలో తేడా ఇట్టే తెలుస్తుంది. నాలుగు రకాలు చూసేవాడికి అంత పట్టు రాదు.

ప్రమాదం వేరే దారిలో వస్తుంది. విమానంలో ఏదో ఒకటి పనిచేయకపోయినా కొన్నిసార్లు చట్టప్రకారం ఎగరవచ్చు. ఎంఈఎల్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఏది లేకుండా ఎగరవచ్చో, ఎన్ని రోజుల్లో బాగుచేయాలో అందులో ఉంటుంది. బి వర్గానికి 3 రోజులు, సికి 10, డికి 120. మేం లాగ్ పుస్తకంలో రాసి, ఆ స్విచ్ పక్కన చిన్న స్టిక్కర్ అంటించి వదులుతాం. ఇందులో తప్పేమీ లేదు, పెద్దపెద్ద సంస్థలన్నీ చేసేదే. కానీ పార్టు కొనడానికి డబ్బు లేక గడువు చివరి రోజు వరకు లాగడం మొదలైతే కాక్‌పిట్‌లో స్టిక్కర్లు పెరుగుతాయి. ఒక్కో స్టిక్కర్‌తో భయం లేదు. రాత్రి, వాన, అలసిపోయిన పైలట్, దానికి తోడు రెండు స్టిక్కర్లు, అప్పుడు ఉంటుంది.

2022 జులైలో స్పైస్‌జెట్‌కు డీజీసీఏ ఇచ్చిన నోటీసు చదివారా? పద్దెనిమిది రోజుల్లో ఎనిమిది ఘటనలు. సరఫరాదారులకు డబ్బు సక్రమంగా కట్టడం లేదని, అందుకే స్పేర్లు దొరకడం లేదని, ఎంఈఎల్ మీద మాటిమాటికీ ఆధారపడుతున్నారని అందులోనే రాశారు. ఆ నెలాఖరున ఎనిమిది వారాలపాటు సగం విమానాలే నడపమన్నారు. చౌక సంస్థలన్నీ అలా ఉండవు. చౌకగా అమ్మి లాభం తీసేవాడి హ్యాంగర్‌లో అన్నీ ఉంటాయి. చౌకగా అమ్మి అప్పులపాలైనవాడితోనే చిక్కు.

జగిత్యాల–దుబాయ్

బస్సుతో పోల్చి విమానం భద్రమే అనడం నాకు మింగుడుపడటం లేదు. మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. మీరు చౌక అంటున్న టికెట్ మాలో చాలామందికి నెల జీతం. మాకు ఇంకో దారి లేదు, దుబాయ్‌కి బస్సు వెళ్లదు.

2010 మే 22న మంగళూరులో కూలిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం దుబాయ్ నుంచే వచ్చింది. 158 మంది. దర్యాప్తులో ఏం తేలింది? కాక్‌పిట్ రికార్డర్‌లో గంటన్నరకు పైగా కెప్టెన్ నిద్రపోతున్నట్టు తెలిసింది. లేచిన మత్తు వదలకుండానే దించబోయాడు. మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ చెబుతూనే ఉన్నాడు. తెల్లవారుజామున ఆరు దాటిన వేళ, కొండ మీద రన్‌వే.

2020 ఆగస్టు 7, కోజికోడ్. అదీ దుబాయ్ నుంచే, కోవిడ్‌లో మనవాళ్లను ఇంటికి చేరుస్తున్న విమానం. వాన, కెప్టెన్ వైపు వైపర్ మొరాయించింది, వెనక నుంచి గాలి, చక్రాలు నేలను తాకేసరికి రన్‌వే సగం అయిపోయింది. 21 మంది. నివేదికలో ఒక మాట మాత్రం నేను మరిచిపోలేను. మర్నాడు ఉదయం ఆ ఊరి నుంచి వెళ్లే విమానాన్ని ఆ కెప్టెనే నడపాలి, అక్కడ కెప్టెన్లు చాలినంతమంది లేరు. వేరే ఊరికి మళ్లిస్తే మర్నాటి విమానం ఆగుతుంది. దిగాలన్న పట్టుదల వెనక అదీ ఉందని రాశారు. తప్పు పైలట్‌దే కావచ్చు. ఆ ఊళ్లో ఇంకొక కెప్టెన్ ఉండి ఉంటే?

లెక్కల పుస్తకం

ఆ ఇంకొక కెప్టెన్‌కు ఎంతవుతుందో చూద్దాం. ఇది నా సొంత లెక్క, అంకెలు ఊహించుకున్నవే, ఎవరైనా సరిదిద్దండి.

కెప్టెన్, కో-పైలట్ ఇద్దరి ఖర్చూ కలిపి నెలకు 10 లక్షలు అనుకుందాం. నెలకు 70 గంటలు ఎగురుతారు. గంటకు సుమారు 14,300 రూపాయలు. విమానంలో 180 సీట్లు, 153 నిండాయి. తలకు గంటకు 93 రూపాయలు. ఇప్పుడు పైలట్లను 15 శాతం ఎక్కువ పెట్టుకోమందాం. గంటకు 14 రూపాయలు పెరుగుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ రెండు గంటలు, 28 రూపాయలు.

ఇరవై ఎనిమిది! విమానాశ్రయంలో ఆ డబ్బుకు టీ కప్పు మూత కూడా రాదు. పైలట్‌కు నిద్ర ఇస్తే టికెట్లు ఆకాశానికి అంటుతాయన్నది పచ్చి అబద్ధం.

కర్నూలు హైవే

మాస్టారూ, లెక్క బాగుంది కానీ సగమే వేశారు. పైలట్ నిద్ర ఖరీదు 28 రూపాయలే కావచ్చు. విమానం నిద్ర మాటేమిటి? లీజుకు తెచ్చిన విమానం ఎగిరినా నిలబడినా అద్దె నడుస్తూనే ఉంటుంది. రాత్రి ల్యాండింగులు తగ్గించారంటే అర్ధరాత్రి నుంచి ఆరింటి వరకు చాలా విమానాలు నిలబడిపోతాయి. మనలాంటివాళ్లు వెతికి వెతికి కొనేది ఆ రాత్రి టికెట్లే కదా. అవి పోతే పగటి టికెట్ల మీద ఎగబడతాం. డిసెంబరులో చూశాం: విమానాలు తగ్గగానే ధరలు ఎంత ఎగిశాయంటే, 500 కిలోమీటర్లలోపు 7,500 మించకూడదని, ఎంత దూరమైనా 18,000 దాటకూడదని ప్రభుత్వమే హద్దు గీయాల్సి వచ్చింది. మీ ఇరవై ఎనిమిది అందులో ఎక్కడుంది?

లెక్కల పుస్తకం

ఒప్పుకుంటున్నాను, విమానం నిద్ర నా లెక్కలో లేదు. అది కలిపితే ఆ 28 కాస్తా కొన్ని వందలు అవుతుంది.

కానీ డిసెంబరు ధరలను నియమం ఖాతాలో రాయకండి. ఆ నియమాలు ప్రకటించింది 2024 జనవరిలో. మొదట 2024 జూన్ నుంచే అన్నారు, సంస్థలు గోల చేస్తే వాయిదా వేశారు, చివరికి ఢిల్లీ హైకోర్టులో పైలట్ల సంఘాలు వేసిన కేసుతో కదిలింది. దాదాపు రెండేళ్ల వ్యవధి! అమ్మాయి పెళ్లి రెండేళ్ల ముందే కుదిరితే ముహూర్తం రోజున వంటవాళ్లు దొరకలేదని ఎవరైనా అంటారా? ధర పెరిగింది నిద్ర వల్ల కాదు, సన్నాహం లేకపోవడం వల్ల.

రాజంపేట

ఒక్క మాట. మీరంతా హైదరాబాద్, ఢిల్లీ అంటున్నారు. 2017 ఏప్రిల్‌లో, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద కడప–హైదరాబాద్ విమానం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అంటే మా వీధి వీధంతా నవ్వింది, నమ్మలేక. అది నడిపిన ట్రూజెట్ ఇప్పుడు లేదు. పెద్ద సంస్థ అయితే అదనపు సిబ్బందిని వంద రూట్ల మీద సర్దుకుంటుంది. ఐదారు విమానాలున్న చిన్న సంస్థకు ఒక్క జత పైలట్లను పెంచడమే భారం. కఠినమైన నియమం వస్తే ముందు రద్దయ్యేది మా విమానమే. అలాగని అలిసిన పైలట్‌తో ఎగరమనడం లేదు. ఆ భారం ఉడాన్ నిధి నుంచి మోయవచ్చు కదా అంటున్నాను.

పాత స్పానర్

రాజంపేటవారు చెప్పింది ఆలోచించవలసిందే. ఇంకొకటి కలపండి. ఈ నియమాలన్నీ అమలవుతున్నాయో లేదో చూడవలసిన డీజీసీఏలోనే మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటరీ కమిటీయే చెప్పింది. మనం 28 రూపాయలు ఇచ్చినా, అవి పైలట్ నిద్రకే వెళ్లాయో లేదో చూసేవాడు ఉండాలి.

కిటికీ సీటు గారూ, మీ మేనల్లుణ్ణి ఒకటి అడగండి. బాగా అలసిపోయాను, నడపలేను అని చెప్పే హక్కు పైలట్‌కు ఉంది. ఎప్పుడైనా చెప్పాడా?

కిటికీ సీటు

అడిగాను. ఇప్పుడే ఫోను పెట్టేశాడు.

ఒకే ఒక్కసారి చెప్పాడట. కాదనలేదు, ఫారం నింపమన్నారు. ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి లేచావు, ఇంట్లో ఏమైనా సమస్యలున్నాయా అని రెండు పేజీల ప్రశ్నలు. తర్వాత వారం మాట్లాడదాం రమ్మని పిలిచారు, మర్యాదగానే మాట్లాడారు. ఆ తర్వాత మళ్లీ ఆ ఫారం జోలికి వెళ్లలేదట.

"మరి ఆ రోజు నీ బదులు ఎవరు వెళ్లారురా?" అన్నాను.

"స్టాండ్‌బైలో ఉన్న మా బ్యాచ్ వాడు మామయ్యా. వాడు అంతకుముందు రాత్రే దిగాడు."