స్కాఫోల్డ్‌కి తెలుగు: పరంజానా, పందిరా?

ప్రశ్న: వెన్నుపాము గాయాల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. జెల్‌లు 'కరిగే'వని, 'గడ్డకట్టింది' అని, 'వెన్నెముక గాయం' అని రాశాను. వెన్నుపాము తెగినచోట నింపే హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే మెత్తని జెల్) స్కాఫోల్డ్‌ని, అంటే నరాల పోగులు పెరగడానికి ఆసరాగా పెట్టేదాన్ని, 'పరంజా' అనొచ్చా? నిఘంటువులో అదే ఉంది.

– పరంజా వద్దండి. అది గోడకు బయట ఉంటుంది, మేస్త్రీ దానిమీద నిలబడతాడు. ఈ జెల్ గాయం లోపల ఉంటుంది, తెగిన ఆక్సాన్లు (నరకణాల పొడవాటి పోగులు) దాన్ని పట్టుకునే పాకాలి. తీగకు పందిరి వేసినట్టు. ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) ద్రావణంలోకి కాల్షియం అయాన్లు ఒకవైపు నుంచే ఇంకేలా చేస్తే, జెల్‌లో సన్నని సమాంతర గొట్టాలు వాటంతటవే ఏర్పడతాయి. ఆ దారి లేకపోతే ఆక్సాన్లు తోచినవైపు అల్లుకుని అక్కడే ఆగిపోతాయి.

– పందిరి బాగుంది గానీ, తీగ ఉన్నన్నాళ్లూ పందిరి ఉండాలి కదా. ఇది పని కాగానే పోవాలి. ఆ ఒక్క విషయంలో పరంజాయే నయం. ఇంకోటి, అన్ని జెల్‌లకీ 'కరిగే' అని రాయకండి. ఇంకో రకం జెల్ చేసే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ని ఒంట్లోని ఎంజైములు తుంచేస్తాయి, అది జీర్ణమవడం. ఆల్జినేట్‌ని తుంచే ఎంజైము మనిషికి లేదు. సోడియం వచ్చి కాల్షియాన్ని తోసేస్తే అల్లిక వదులై విడిపోతుంది, అంతే. ప్రయోగశాలలో ఫాస్ఫేట్ బఫర్‌తో (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) కడిగినా ఇదే గతి: ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాక్కుంటుంది, తెల్లటి మడ్డి తేలుతుంది, జెల్ చెదురుతుంది. ఫాస్ఫేట్ లేని హెపీస్ అనే బఫర్‌లో కాస్త కాల్షియం కలిపి, దాంతో కడగాలి.

– 'గడ్డకట్టింది' కూడా మార్చండి, చదివేవాళ్లు చల్లబడిందనుకుంటారు. కొల్లాజెన్ తీరు తలకిందులు. 4 డిగ్రీల దగ్గర, మంచులో పెట్టి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4 దాకా తెస్తే ద్రవంగానే ఉంటుంది. 37 డిగ్రీల్లో పెడితే అరగంటలో బిగుస్తుంది. గది వేడిలో కలిపితే సిరంజిలోనే ఉండలు కడుతుంది. పాలకు వాడే 'తోడుకుంది' దీనికి అతుకుతుంది.

– 'వెన్నెముక గాయం' అని మాత్రం రాయకండి, అది ఎముక. వెన్నుపాము ఉండేది ఆ ఎముక గొట్టంలో. అక్కడ చోటు లేకే జెల్ ఉబ్బితే ప్రమాదం, మిగిలిన మంచి పోగులు కూడా నలుగుతాయి.

ప్రశ్న: మరి 'వారధి'?

– తొందరపాటే. చాలా ప్రయోగాల్లో ఆక్సాన్లు జెల్‌లోకి వస్తాయి, అవతలి అంచు దాటవు. అక్కడ మచ్చ కణజాలంలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్లు (చక్కెర గొలుసులున్న ప్రోటీన్లు) అడ్డుపడతాయి. కాండ్రాయిటినేజ్ ఎంజైముతో ఆ అడ్డు తగ్గించొచ్చు గానీ, ఒంటి వేడిలో అది ఎక్కువ కాలం నిలవదు. అవతలి గట్టు చేరనిదాన్ని వారధి అనలేం, ప్రస్తుతానికి పందిరే.