పాట మధ్యలో శబ్దం తెగిపోతోంది: హబ్ కారణమా?

ప్రశ్న (తిరుపతి నుంచి)
మా అక్కయ్య ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో అన్నమయ్య కీర్తనలు నేర్పుతారు. ఆమె ల్యాప్‌టాప్‌కు రెండే యూఎస్‌బీ పోర్టులు ఉండటం వల్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె), వెబ్‌క్యామ్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, వైర్‌లెస్ మౌస్ రిసీవర్ నాలుగింటినీ కరెంటు అడాప్టర్ లేని ఒకే హబ్‌కు (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పరికరం) తగిలించాము. పాట సాగుతుండగా ఉన్నట్టుండి చిటపటలాడి, శబ్దం తెగిపోయి మళ్ళీ వస్తోంది. తంబూర శ్రుతి మీద అది మరీ స్పష్టంగా తెలుస్తోంది. రికార్డు చేసిన ఫైలులోనూ అదే లోపం ఉంది కాబట్టి ఇంటర్నెట్‌ను అనుమానించనక్కరలేదు. బఫర్‌ను (శబ్దాన్ని కాసేపు నిల్వ ఉంచే చోటు) 256 నుంచి 512 శాంపిళ్ళకు పెంచితే కొంత తగ్గింది గాని పోలేదు. ఇంటర్‌ఫేసే మార్చాలంటారా?

జవాబు (చిత్తూరు నుంచి)
ఇంటర్‌ఫేస్ జోలికి ఇప్పుడే పోకండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోకు సెకనుకు సుమారు 2.3 మెగాబిట్లు చాలు; యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 480 మెగాబిట్లు. అంటే చోటు చాలకపోవడం కాదు, వేళకు అందకపోవడమే అసలు చిక్కు. డిస్కుకు వెళ్ళే డేటాలో తప్పు దొర్లితే అది మళ్ళీ వెళుతుంది. ఆడియో నడిచే ఐసోక్రోనస్ (వేళ తప్పకుండా వరుసగా పంపే) పద్ధతిలో ఆ అవకాశం లేదు, ప్యాకెట్ పోయిందంటే పోయినట్టే. దీనికి కరెంటు కొరత తోడవుతుంది. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం సొంత కరెంటు లేని హబ్‌కు ల్యాప్‌టాప్ నుంచి వచ్చేది 500 మిల్లీయాంపియర్లు, ఆ హబ్ తన ఒక్కో పోర్టుకు ఇవ్వవలసింది 100 మాత్రమే. తిరిగే డిస్కు ఒక్కటే ఆ మొత్తాన్నీ మింగేయగలదు. ముందుగా ఇంటర్‌ఫేస్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి, రికార్డింగ్‌ను లోపలి డ్రైవ్‌లోకి మార్చి చూడండి.

జవాబు (తిరుపతి నుంచి)
పై సలహా సరైనదే, అయితే పోర్టు వేరైనంత మాత్రాన డేటా ల్యాప్‌టాప్‌లోకి వెళ్ళే దారి వేరైనట్టు కాదు. విండోస్ డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ తెరచి ‘డివైసెస్ బై కనెక్షన్’ ఎంచుకుంటే, ఏ పరికరం ఏ హబ్ కింద ఉందో కొమ్మలుగా విడదీసి చూపుతుంది. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను (వాడని పరికరాలను నిద్రపుచ్చే ఏర్పాటు) కూడా ఆపేయండి. అడాప్టర్ ఉన్న హబ్ కొంటే అన్నీ తీరిపోతాయని దుకాణాల్లో చెబుతుంటారు. దానితో కరెంటు కొరత తీరుతుంది గాని ఉమ్మడి దారి ఉమ్మడిగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు
ఇంటర్‌ఫేస్‌ను నేరుగా తగిలించగానే చిటపట పోయింది. హబ్ మీదున్న డిస్కులోకి పెద్ద ఫైలు కాపీ చేసినప్పుడు మాత్రం ఇప్పుడు వెబ్‌క్యామ్ ఆగిపోతోంది. దానికి మందు కరెంటేనా?

జవాబు (చిత్తూరు నుంచి)
చాలా వరకు అదే. అడాప్టర్ ఉన్న హబ్ వచ్చేదాకా కాపీ పని తరగతి ముగిశాక పెట్టుకోండి.