శాంతి చట్టం వచ్చాక ఏఈఆర్‌బీకి నిజంగా స్వతంత్రం వచ్చినట్టేనా? కొవ్వాడ పక్కనున్నోళ్ళం అడుగుతున్నాం

సిక్కోలు_చినబాబు:
అందరికీ నమస్కారమండి. మాది రణస్థలం మండలంలో ఊరు, కొవ్వాడ తీరానికి బండి మీద ఇరవై నిమిషాలు. నేను గాజువాకలో ఉద్యోగం, మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే టీ కొట్టు కాడ మళ్ళీ అదే గొడవ, అణు కేంద్రం వస్తదా రాదా అని. ఇదివరకు భూములు, ప్యాకేజీ, కాలనీ ఇళ్ళు, ఇవే మాట్లాడుకునీవోరు. ఈసారి కొత్తగా శాంతి చట్టం, అదే కొత్త అణుశక్తి చట్టం. రిటైరైన మాస్టారొకాయన "2025 డిసెంబరులో పార్లమెంటులో పాసయిపోయింది, ఇప్పుడు ఏఈఆర్‌బీకి, అదే అణుశక్తి నియంత్రణ మండలికి, చట్టబద్ధ హోదా వచ్చింది, సేఫ్టీ సంగతి ఆళ్ళు చూసుకుంటారు, ఇంక మీకేటి భయం" అన్నారు. దానికి మా చిన్నాన్న, ఆయన వేటకెళ్ళీ మనిషి, "అయితే మాస్టారూ, ఇన్నాళ్ళూ హోదా లేకుండానే చూసుకున్నారేటి?" అని అడిగాడు. మాస్టారు గ్లాసు కింద పెట్టి ఎల్లిపోయారు.

నాకూ జవాబు తెలీలేదు. నెట్‌లో చూస్తే ఒకళ్ళు అంతా మారిపోయిందంటారు, ఇంకొకళ్ళు ఏటీ మారలేదంటారు, ప్రైవేటు కంపెనీలొస్తాయి, 2047కి 100 గిగావాట్లు అంటారు, అదంతా సరే గానీ నా డౌట్ చిన్నదే. రేపు ఇక్కడ రియాక్టర్ కట్టాక ఏదైనా తేడా ఉంటే "ఆపండి" అని చెప్పీ మనిషి ఎవరు, ఆ మనిషి జీతం ఎవరిస్తారు, ఆయన మాట వినకపోతే ఏటవుద్ది? పార్టీ గొడవలు వద్దు, దయచేసి తెలిసినోళ్ళు చెప్పండి.

టీఎల్‌డీ_బ్యాడ్జి:
చినబాబు గారూ, నేను హైదరాబాద్‌లో ఆస్పత్రుల్లో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తుంటా, రియాక్టర్ల లోపలి సంగతులు నాకు తెలియవు గానీ ఏఈఆర్‌బీతో రోజూ పనే. చాలామందికి తెలియనిదేంటంటే ఏఈఆర్‌బీ అంటే అణు కేంద్రాలొక్కటే కాదు, మీ టౌన్లో ఎక్స్‌రే సెంటర్ దగ్గర్నుంచి క్యాన్సర్ ఆస్పత్రిలో కోబాల్ట్ మిషన్ దాకా అన్నిటికీ అనుమతి వాళ్ళదే. ఇప్పుడు ఆన్‌లైన్ పోర్టల్ వచ్చాక కొంచెం దారిలో పడింది. మూడు నెలలకోసారి మేం ఒంటి మీద పెట్టుకునే, రేడియేషన్ డోసు కొలిచే బ్యాడ్జీలు ల్యాబ్‌కి వెళ్తాయి, డోసు ఎక్కువొస్తే మాకు లెటరొస్తుంది, సంజాయిషీ రాయాలి.

కానీ మీ చిన్నాన్న అడిగింది కరెక్ట్ ప్రశ్న. 2012లో కాగ్ వాళ్ళు ఏఈఆర్‌బీ మీద ఒక రిపోర్టిచ్చారు, అందులో ఉన్న లెక్క నాకింకా గుర్తే, దేశంలో 57,443 ఎక్స్‌రే యూనిట్లుంటే ఏఈఆర్‌బీ దగ్గర రిజిస్టరైనవి 5,270. అంటే నూటికి 91 ఊరూ పేరూ లేకుండా నడిచేవన్నమాట. రూల్ తప్పితే అప్పట్లో గరిష్ఠ జరిమానా ఎంతో తెలుసా? 500 రూపాయలు. హెల్మెట్ లేకపోతే దానికంటే ఎక్కువ కడతాం. నేను చేరిన కొత్తలో ఒక నర్సింగ్ హోమ్ ఓనరు (పేరు వద్దులెండి) మొహం మీదే చెప్పాడు, ఆ లైసెన్స్ ఫైలు తిప్పే ఖర్చు కంటే ఫైన్ కట్టడమే చవకమ్మా అని. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

కాబట్టి చట్టబద్ధ హోదా ఊరికే మాట కాదు. జరిమానాకి పళ్ళు మొలవాలంటే ముందు చట్టంలో పేరుండాలి.

భారజలం_పెద్దాయన:
బాబూ, నేను ప్లాంట్లలో ఇరవయ్యేళ్ళు పైగా చేసి రిటైరయ్యాను, ఎక్కడ అని అడగద్దు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదువు.

ఏఈఆర్‌బీ పుట్టింది 1983 నవంబరు 15న. పార్లమెంటు చేసిన చట్టంతో కాదు, 1962 అణుశక్తి చట్టం కింద ప్రభుత్వం ఇచ్చిన ఒక ఉత్తర్వుతో. ఉత్తర్వుతో పుట్టినదాన్ని ఇంకో ఉత్తర్వుతో మార్చేయొచ్చు. నిజంగానే మార్చారు కూడా, 2000లో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) సౌకర్యాలన్నిటినీ ఏఈఆర్‌బీ పరిధి నుంచి తీసేసి బార్క్ సొంత కమిటీకే అప్పజెప్పారు, పార్లమెంటులో చర్చ లేదు ఏమీ లేదు. ఏఈఆర్‌బీ అప్పట్లో ఎవరికి జవాబు చెప్పాలి? అణుశక్తి కమిషన్‌కి. ఆ కమిషన్ ఛైర్మన్ ఎవరు? అణుశక్తి శాఖ కార్యదర్శి. రియాక్టర్లు నడిపే ఎన్‌పీసీఐఎల్ ఎవరి కింద? అదే శాఖ కింద. అర్థమైందిగా, వంట చేసేవాడూ రుచి చూసి మార్కులేసేవాడూ ఒకే ఇంట్లో మనుషులు.

అలాగని లోపల పని చేసినోళ్ళు దొంగలని నేననను, చాలామంది నిజాయితీపరులు, నా పై ఆఫీసర్లు కొందరు రాత్రి రెండింటికి కూడా వాల్వు చూడ్డానికి వచ్చేవాళ్ళు. సమస్య మనుషులది కాదు, కుర్చీలు వేసిన తీరుది. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో జరిగిన సంగతి మాలో అందరికీ తెలుసు. టర్బైన్ బ్లేడ్లు విరిగాయి, జనరేటర్లోని హైడ్రోజన్ లీకై అంటుకుంది, ఆ మంటకి కేబుళ్ళు కాలాయి, అసలు కేబుళ్ళూ అత్యవసరానికి పెట్టిన కేబుళ్ళూ ఒకే దారిలో ఉండడంతో రెండూ పోయాయి, ప్లాంటు మొత్తం 17 గంటలు కరెంటు లేకుండా చీకట్లో ఉంది. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ బిల్డింగు పైకెక్కి చేత్తో వాల్వులు తిప్పి, అణుచర్యని ఆపే బోరాన్ వదిలారు. ఆ బ్లేడ్ల డిజైన్‌లో లోపముందని తయారీ కంపెనీ ముందే చెప్పిందన్నది తర్వాత బయటపడ్డ సంగతి. అది సైన్స్ తెలియక కాదు, "ఇది మార్చేదాకా నడపొద్దు" అని గట్టిగా చెప్పి మాట చెల్లించుకోగల మనిషి లేక.

అదే ఏడు జూన్‌లో గోపాలకృష్ణన్ గారు ఏఈఆర్‌బీ ఛైర్మన్ అయ్యారు, 1996 దాకా మూడేళ్ళున్నారు. ఆయన హయాంలోనే 1995లో అన్ని కేంద్రాలవీ కలిపి 130 భద్రతా లోపాలతో ఒక రిపోర్టు తయారైంది, అది జనానికి ఇవ్వలేదు, ఆయన పదవి దిగాక బయట మాట్లాడితేనే చాలామందికి తెలిసింది.

ఫుకుషిమా తర్వాత 2011లో వేరే స్వతంత్ర సంస్థ పెడతామని బిల్లు తెచ్చారు, 2014లో లోక్‌సభతో పాటు అదీ మురిగిపోయింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బృందం వచ్చి చూసి, దీన్ని చట్టంలో పెట్టి స్వతంత్రంగా చేయండి అని రాసిచ్చింది. ఇదిగో పదేళ్ళకి శాంతి చట్టం. హోదా వచ్చింది, అది అడుగు ముందుకే, కాదనను. కానీ ఇప్పుడు ఛైర్మన్‌ని, సభ్యుల్ని ఏరే కమిటీని వేసేది ఎవరు? అణుశక్తి కమిషనే. ఏఈఆర్‌బీ ఆర్డరు నచ్చకపోతే ముందు అప్పీలుకి వెళ్ళేది ఒక సలహా మండలికి, దాని అధ్యక్షుడు ఎవరు? అణుశక్తి కమిషన్ ఛైర్మనే. ఆ తర్వాతే ట్రిబ్యునల్. మీ చిన్నాన్నకి ఇది చెప్పు.

అప్పారావు_యూనిట్3:
పెద్దాయన గారి మీద గౌరవంతోనే చెప్తున్నా గానీ ఇదంతా ఒకవైపు కథ. 1969లో తారాపూర్ మొదలైన దగ్గర్నుంచి మన దేశంలో రియాక్టర్ల నుంచి బయట ఊళ్ళని ఖాళీ చేయించే ప్రమాదం ఒక్కటీ జరగలేదు. అదే బొగ్గు ప్లాంటు బూడిద ఎంతమంది ఊపిరితిత్తుల్లో ఉందో పరవాడ వైపు వెళ్ళి అడగండి, దానికి ఏ స్వతంత్ర సంస్థ ఉంది? ఇంకోటి, అణు ఇంజినీర్లు చెట్లకి కాయరు కదా, బార్క్ నుంచి కాకపోతే ఏఈఆర్‌బీకి నిపుణుల్ని ఎక్కడ్నించి తెస్తాం, ఐఏఎస్‌లని పెట్టి రియాక్టర్ డిజైన్ చెక్ చేయిస్తామా? స్వతంత్రం స్వతంత్రం అని ఏమీ తెలియనోళ్ళని కూర్చోబెడితే అది ఇంకా డేంజర్.

భారజలం_పెద్దాయన:
అప్పారావూ, నిపుణుల సంగతి నిజమే, ఒప్పుకుంటా. బార్క్ నుంచి వస్తే తప్పు లేదు, కానీ డెప్యుటేషన్ అయ్యాక మళ్ళీ బార్క్‌కే వెళ్ళాలంటే అక్కడ బాసు మొహం గుర్తొస్తుంది. తిరిగి వెళ్ళక్కర్లేని సొంత కేడర్ కావాలన్నదే నా గోల. ప్రైవేటు వాళ్ళు వచ్చాక ఇది ఇంకా ముఖ్యం, ఎన్‌పీసీఐఎల్‌ని గదమాయించడం వేరు, పెద్ద పెద్ద కంపెనీల లాయర్లతో తలపడ్డం వేరు.

కెరొలినా_బాబాయ్:
అమెరికా నుంచి ఒక మాట. మా ఇంటికి నలభై మైళ్ళలో అణు ప్లాంటు ఉంది, నేను ఐటీ మనిషిని, ఆ ఫీల్డ్ కాదు, కానీ ఇల్లు కొనేటప్పుడు భయమేసి చదివాను. ఇక్కడ కూడా ఒకప్పుడు మన కథే, ప్రోత్సహించేదీ కాపలా కాసేదీ ఒకే అటామిక్ ఎనర్జీ కమిషన్. 1974లో చట్టం చేసి విడగొట్టారు, 1975 జనవరి నుంచి కాపలా కాసే సంస్థ ఎన్ఆర్‌సీ వేరు. అయిదుగురు కమిషనర్లు, సెనేట్ ఒప్పుకోవాలి, ఒకే పార్టీ వాళ్ళు ముగ్గురికి మించకూడదు. ప్రతి ప్లాంటులో వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు అక్కడే ఆఫీసు పెట్టుకుని ఉంటారు, ఆ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు నేను ఇంట్లో కూర్చుని చదివాను, ఏ పంపు ఏ తారీఖున మొరాయించిందో కూడా ఉంటుంది. నాకు ధైర్యం వచ్చింది దానివల్లే, రియాక్టర్ గొప్పదని కాదు.

అయితే ఇక్కడా చట్టం ఒక్కటే సరిపోదని ఈ మధ్య తెలిసింది. 2025 మేలో అధ్యక్షుడు కొత్త రియాక్టర్ల లైసెన్సు 18 నెలల్లో తేల్చాలని ఆర్డరిచ్చాడు, జూన్‌లో హాన్సన్ అనే కమిషనర్ని తీసేశాడు. యాభై ఏళ్ళ గోడ, ఒక్క మెయిలుతో పగులు.

ఇంకో పక్క జపాన్ చూడండి. ఫుకుషిమా ముందు వాళ్ళ తనిఖీ సంస్థ పరిశ్రమల శాఖ కిందే ఉండేది, ప్రమాదం తర్వాత 2012లో వేరుచేశారు. ఆ కొత్త సంస్థ 2024 నవంబరులో సురుగా రెండో యూనిట్‌ని కింద భూమిలో కదిలే పగులు ఉండొచ్చని తిప్పి కొట్టింది, అలా కాదనడం వాళ్ళకి అదే మొదటిసారి. చినబాబూ, నువ్వు అడిగిన "ఆపండి అనే మనిషి" అంటే అది.

సిక్కోలు_చినబాబు:
అందరికీ థాంక్సండి, రాత్రంతా ఇదే చదివాను. ఇంకొక్కటి. నష్టపరిహారం 3 వేల కోట్లకి పెంచారంటున్నారు, కొవ్వాడకి అదేనా? ఇప్పుడు మేం చెయ్యగలిగింది ఏటైనా ఉందా, లేపోతే టీ తాగి ఎల్లిపోడమేనా?

భారజలం_పెద్దాయన:
3 వేల కోట్లు అన్నది ఉష్ణశక్తి, అంటే రియాక్టర్లో పుట్టే వేడి, 3,600 మెగావాట్లు దాటిన రియాక్టర్లకి. కొవ్వాడకి అనుకుంటున్నవి వెస్టింగ్‌హౌస్ ఏపీ1000, ఒక్కోటి 1,208 మెగావాట్లు, అలాంటివి ఆరు. కరెంటు 1,208 అయితే ఉష్ణశక్తి 3,400 చిల్లర. గీత దాటదు. కాబట్టి ఆపరేటర్ బాధ్యత 1,500 కోట్లే, 2010 చట్టంలో ఉన్న అంకే. పదిహేనేళ్ళలో బంగారం ధర ఎంతైందో చూసుకో. పైగా పాత చట్టంలో 17(బి) అని, పరికరంలో లోపముంటే సరఫరా చేసిన కంపెనీ మీదికి వెళ్ళే హక్కుండేది, అది తీసేశారు, ఒప్పందంలో రాసుకుంటేనే.

ఇక మీరు చేసేది. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టేది కాలుష్య నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ కాదు. చాలామంది అక్కడికెళ్ళి రేడియేషన్ గురించి అరిచి వచ్చేస్తారు, వాళ్ళు అది మా పరిధి కాదంటారు. స్థలానికి అనుమతి, నిర్మాణానికి, నడపడానికి, ఇలా దశలవారీగా ఇచ్చేది ఏఈఆర్‌బీ. కాబట్టి అక్కడికి వేరేగా రాయాలి. సమాచార హక్కు దరఖాస్తు వెయ్యి, పది రూపాయలు, తెలుగులో వేయొచ్చు. కొంత సమాచారాన్ని నియంత్రితం అని ప్రకటించే అధికారం కొత్త చట్టం కేంద్రానికి ఇచ్చింది, కాబట్టి కొన్నిటికి ఇవ్వం అనొచ్చు, ఆ "ఇవ్వం" కూడా కాగితం మీద తీసుకో.

సిక్కోలు_చినబాబు:
ఇలా రాశానండి, సరిపోద్దా చూడండి: "కొవ్వాడ స్థలానికి ఏఈఆర్‌బీ అనుమతి ఇచ్చిందా, ఇస్తే ఎందుకు ఇచ్చింది, తుపాను, ఉప్పెన, భూకంపం గురించి ఆలోచించారా?"

టీఎల్‌డీ_బ్యాడ్జి:
"ఎందుకు", "ఆలోచించారా" రెండూ తీసెయ్యండి, వాటికి జవాబివ్వక్కర్లేదని ఒక్క లైనులో తిప్పి పంపుతారు. కాగితం అడగండి. "స్థల అనుమతి దరఖాస్తు తేదీ, దాని మీద ఏఈఆర్‌బీ రాసిన లేఖల నకళ్ళు, ఉప్పెన ఎత్తు లెక్కగట్టిన నివేదిక నకలు" అని రాయండి. 30 రోజులు లెక్క పెట్టుకోండి. స్పీడ్ పోస్టులో పంపండి, ఆ స్లిప్పు మాత్రం పారేయకండి.

సిక్కోలు_చినబాబు:
సరేనండి, రేపు గాజువాక పోస్టాఫీసుకి ఎళ్తాను. సంతకం మాత్రం చిన్నాన్న పేరు మీదే, ఆయనే పెడతానన్నాడు.