యెషయా 8:12లో ‘బందుకట్టు’ అంటే ఏమిటి?

‘బందుకట్టు’కూ మనం ఎరిగిన బందులకూ సంబంధం ఉందా అని అడిగిన మిత్రునికి ఈ వివరణ. బైబిలులోని యెషయా ప్రవక్త గ్రంథంలో ఉన్న ఆ వాక్యం ఇది: “ఈ ప్రజలు బందుకట్టు అని చెప్పునదంతయు బందుకట్టు అనుకొనకుడి, వారు భయపడుదానికి భయపడకుడి.” ఇక్కడ బందుకట్టు అంటే కుట్ర. హీబ్రూ మూలంలోని ‘కెషెర్’ అనే పదం కట్టడం, ముడివేయడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది కనుక, ‘కట్టు’ ఉన్న ఈ తెలుగు మాట దానికి చక్కగా అతికింది.

అయితే వాక్యం బరువంతా ‘అంతయు’ అన్న మాట మీద ఉందని నా అభిప్రాయం. క్రీ.పూ. 735 ప్రాంతంలో సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు ఏకమై, యూదా రాజు ఆహాజును దించి టాబెయేలు కుమారుణ్ణి ఆ స్థానంలో రాజుగా నిలపాలని నిజంగానే తలపెట్టారని 7వ అధ్యాయం చెబుతోంది. కాబట్టి ప్రవక్త కుట్రలే ఉండవని అనలేదు; జనం కుట్ర అన్న ప్రతిదాన్నీ కుట్రగా నమ్మవద్దన్నాడు. ఆహాజు నమ్మిన పొత్తులను కాదన్నందుకు యెషయానే కుట్రదారుడన్నారని, ఈ మాట ఆ నిందను ఉద్దేశించినదేనని కొందరు వ్యాఖ్యాతలు భావిస్తారు. బేతేలు యాజకుడైన అమజ్యా ఆమోసు ప్రవక్త మీద మోపిన కుట్ర నేరానికీ మూలంలో ఇదే ధాతువు వాడారు.

మన సంఘాలకు ఈ వాక్యం ఎంత అవసరమో నాకు 2021లో తెలిసింది. కోవిడ్ టీకాయే బైబిలు చివరి గ్రంథమైన ప్రకటనలో చెప్పిన మృగం ముద్ర, అంటే 666 ముద్ర అని వాట్సాప్‌లో వచ్చిన వీడియోను ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ వణుకుతున్న చేతులతో పాస్టరు గారికి చూపించారు. ఆయన నవ్వలేదు, కసరలేదు. ఆమె పక్కన చాప మీద కూర్చుని, ప్రకటన 13వ అధ్యాయం ఆమె చేతనే చదివించి, “అమ్మా, ఆ ముద్ర మృగానికి మొక్కేవారిది, సూది వేయించుకుంటూ మీరు ఎవరికి మొక్కుతున్నారు?” అని అడిగారు. ఆ వీడియోను ఆమెకు పంపిన యువకుడితో మాత్రం విడిగా, గట్టిగా మాట్లాడారు. నిజమో కాదో చూడకుండా ఒకరి మీద నేరం మోపే సందేశాన్ని పదిమందికి పంపితే, “నీ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదు” అన్న ఆజ్ఞను మీరినట్టేనని చెప్పారు. భయపడినవారికి ఓదార్పు, భయాన్ని పంచినవారికి మందలింపు అన్న ఆ తేడాను ప్రతి సంఘమూ పాటించాలని కోరుకుంటున్నాను.

‘కట్టుకథ’లోనూ ఈ ‘కట్టే’ ఉంది. మనుషులు రహస్యంగా జట్టుకట్టి చేసేది బందుకట్టు, లేనిదాన్ని అల్లి చెప్పేది కట్టుకథ. కొత్త అనువాదాల్లో ‘కుట్ర’ అని మార్చడం సులభమే గాని, పాత మాటనే ఉంచి అర్థాన్ని అడుగున ఇవ్వడం మేలని నాకు అనిపిస్తుంది.