అప్‌డేట్: గ్రాఫ్‌లో 2021.5 పోయింది, 1ఇ6 కూడా పోయింది

మా మామ మామిడి మండీ లెక్కలను పైథాన్‌లో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫ్ గీస్తే కింద 2021.0, 2021.5, 2022.0 అని వస్తోందని, పైన మూలలో 1ఇ6 అని ఏదో వేలాడుతోందని పోయిన వారం అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పనైపోయింది.

సంవత్సరాల గొడవ తేలికే. వాటిని మామూలు అంకెలనుకుని మధ్యలో ఖాళీ కనబడగానే గీత పెట్టేస్తోంది. గీతలు ఎక్కడ పెట్టాలో చూసుకునే మాక్స్‌ఎన్‌లొకేటర్‌లో ఇంటీజర్ ట్రూ (పూర్ణాంకాలే వాడు) అని ఇచ్చాను, అంతే.

ఆ 1ఇ6 మాత్రం ప్రాణం తీసింది. అంకె పది లక్షలకు చేరితే డిఫాల్ట్‌గా ఇలా కుదించేస్తుందట; 1ఇ6 అంటే పక్కనున్న అంకెను పది లక్షలతో గుణించుకోమని. 14 లక్షల కిలోల తోతాపురి కాస్తా పక్కన 1.4 అయి కూర్చుంది. మామ దామలచెరువు నుంచి ఫోన్ చేసి, "ఏంరా, సీజనంతా కలిపి కిలోన్నర కాయలేనా కొన్నింది?" అన్నాడు.

కుదించొద్దని స్టైల్ ప్లెయిన్ పెడితే 1400000 అని కామాల్లేకుండా వచ్చింది. సున్నాలు వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి. చివరికి, అంకెల్ని మనకు కావాల్సినట్టు రాసిపెట్టే ఫంక్‌ఫార్మాటర్‌తో లక్షతో భాగించి, పక్కన ‘లక్షలు’ అని తగిలించాను. డిఫాల్ట్ ఫాంట్ డెజావు శాన్స్‌లో తెలుగు లేదు, అన్నీ డబ్బాలే! ఫాంట్ మారిస్తే అక్షరాలొచ్చాయి గానీ, నా దగ్గరున్న పాత వెర్షన్‌లో ‘క్ష’ రెండు ముక్కలైంది. విసుగొచ్చి ఇంగ్లీషు ‘ఎల్’తో సరిపెట్టేశాను.

కొత్త గ్రాఫ్ చూసి మామ ఈసారి నవ్వలేదు. టన్నుల్లో ఎందుకు వేయలేదని మాత్రం అడిగాడు.