గడ్డం కింద అల్ట్రాసౌండ్ తీశారు, స్లీప్ స్టడీ ఇంకా అవసరమా?

హాల్లో పరుపు:
నా గురక భరించలేక మా ఆవిడ గదిలోంచి పంపించేసింది. ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కింద జెల్ రాసి, పొట్ట స్కానింగ్‌కి వాడే వంపు ప్రోబే అక్కడ ఆనించారు. "మింగకండి, నోరు మూసుకుని ముక్కుతో పీల్చండి" అన్నారు. నాలుక మొదలు మందంగా ఉందట, స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, గట్టిగానే ఉండొచ్చట. అయినా రాత్రంతా నిద్రను రికార్డు చేసే స్లీప్ స్టడీ కూడా రాశారు. తీవ్రత ఈ స్కాన్‌తోనే తేలదా? స్టడీ ఇంట్లో చేయించుకుంటే చాలా, ల్యాబ్‌కే వెళ్ళాలా? ఇన్సూరెన్స్ వాళ్ళు ఇస్తారా?

కాకినాడ కాజా:
ల్యాబ్‌కి మాత్రం వెళ్ళకండి బాబూ. తల నిండా వైర్లు, ముక్కులో గొట్టం, ఛాతీకి పట్టీలు, వేలికి క్లిప్పు. అన్నీ తగిలించి "హాయిగా పడుకోండి సార్" అంటాడు! జుట్టుకి పట్టిన జిగురు వదిలేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నాకసలు నిద్రే పట్టలేదు, ఏహెచ్‌ఐ (గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో ఆ లెక్క) మాత్రం 41 వేశారు.

ప్రోబ్ పట్టినవాడు:
నేను రేడియాలజిస్టుని, ఇది నా రోజూ పని కాబట్టి చెబుతున్నా. అల్ట్రాసౌండ్ గాలిలోంచి పోదు. అందుకే గడ్డం కింద చర్మం నుంచి నాలుక పైఅంచు దాకానే బొమ్మ వస్తుంది. ఆ అంచు తెల్లటి గీతలా మెరుస్తుంది. అక్కడివరకు మందం కొలుస్తాం. రక్తం పారడాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ వేస్తే నాలుకలో అటూ ఇటూ రెండు ధమనులు కనిపిస్తాయి, వాటి మధ్య దూరం చూస్తాం. గొంతు పక్క గోడల మందం కూడా. ఆప్నియా తీవ్రంగా ఉన్నవాళ్ళలో ఈ కొలతలు సగటున పెద్దవే. చేయి తిరిగినవాడు చేస్తే స్లీప్ స్టడీకి ఇదేం తీసిపోదు.

రాత్రి డ్యూటీ:
తీసిపోదా? స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్‌ని, నేనూ రోజూ ఇదే చూస్తున్నా. మీరు కొలిచేది మెలకువగా ఉన్న మనిషిని. నిద్రపట్టాక కండరాలు వదులైతేనే కదా దారి మూసుకునేది! 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగినవీ బాగా తగ్గినవీ గంటకు ఎన్నో లెక్కేస్తే ఏహెచ్‌ఐ. 5 నుంచి 15 స్వల్పం, 30 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. మిల్లీమీటర్లలోంచి ఈ లెక్క ఎలా తీస్తారు? ఆక్సిజన్ ఎంతకు పడిందో మీ తెల్లగీత చెబుతుందా?

పదివేల అడుగులు:
ఇంత గొడవ దేనికండీ. బరువు తగ్గితే ఏ స్కానూ అక్కర్లేదు. సన్నగా ఉన్నవాళ్ళకి ఇది రానే రాదు.

బక్కోడు:
రానే రాదా? నా కాలర్ 38 సెంటీమీటర్లు. ఆప్నియా ఉండే అవకాశం అంచనా వేసే స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నల్లో మెడ 40 దాటితేనే మార్కు. నడుము చూస్తే ఎవరైనా జాలిపడి అన్నం పెడతారు. అయినా నాకు తీవ్రమే. నా కింది దవడ చిన్నది, వెనక్కి ఉంది, నాలుకకి చోటు చాలదు. ఆఫీసులో నాకు కునుకు వస్తే "రాత్రంతా సినిమాలు చూశావా" అనేవాళ్ళు. మీలాంటి సలహాలు నమ్మే ఇన్నాళ్ళూ టెస్టుకి వెళ్ళలేదు.

పదివేల అడుగులు:
నేను మిమ్మల్ని అనలేదు. మామూలుగా అన్నాను.

బక్కోడు:
మామూలుగా కూడా అనకండి.

ప్రోబ్ పట్టినవాడు:
రాత్రి డ్యూటీ గారూ, ముక్కూ నోరూ మూసి లోపలికి గాలి లాగమంటాం, ముల్లర్ అంటారు. ఆ లాగుడుకి గొంతులో దారి ఎలా ఇరుకవుతుందో తెరమీదే తెలిసిపోతుంది. ఇవి టెక్నీషియన్లు నాకు నేర్పక్కర్లేదు.

రాత్రి డ్యూటీ:
అర్ధరాత్రి రెండింటికి ల్యాబ్‌లో ఒక్క డాక్టర్ని చూడలేదు లెండి. పోనీ ఇది చెప్పండి. సెంట్రల్ ఆప్నియాలో గొంతు తెరిచే ఉంటుంది, ఊపిరి తీయమని మెదడే చెప్పదు. అప్పుడు నాలుక మందం ఏం చేసుకోవాలి?

ప్రోబ్ పట్టినవాడు:
ప్రశ్న గొంతు దారి మూసుకుపోయే ఆప్నియా గురించి. టాపిక్ మార్చకండి.

సిడ్నీ సీనయ్య:
ఏ పరీక్ష చేసినా చివరికి మాస్కే కదా. అది మా ఊళ్ళోనే పుట్టింది. కాలిన్ సలివన్ అనే డాక్టరు 1981లో సీపాప్ గురించి, అంటే మాస్కులోంచి గాలి ఊది గొంతు దారి తెరిచి ఉంచే మిషన్ గురించి, ప్రచురించారు. మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలి ఊదించారట. నేను పెట్టుకున్న మొదటి రాత్రే తేడా తెలిసింది. చెప్పానంటే చెప్పాననుకుంటారుగానీ, పొద్దున తలనొప్పి పోయింది.

కాకినాడ కాజా:
మీ ఊళ్ళో కరెంటు పోదు సీనయ్య గారూ! మాకు మే నెలలో ఫ్యాన్ ఆగితేనే చొక్కా తడిసిపోతుంది, పైగా ముక్కుకి సిలికాన్ మాస్కు. ఇన్వర్టర్ మీద, గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ ఆపేసి నడిపిస్తే బ్యాటరీ కాస్త నిలుస్తుంది. ముక్కు మాత్రం ఎండిపోతుంది.

హాల్లో పరుపు:
ఎవరైనా నా ప్రశ్న చూశారా? అయినా ఈ స్కాన్ అంత తేలికైతే ప్రతి స్లీప్ క్లినిక్‌లో ఎందుకు లేదు?

ప్రోబ్ పట్టినవాడు:
1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం వల్ల. కడుపులో బిడ్డనీ చూపగల మిషనే కాబట్టి, గొంతు చూడటానికైనా సరే దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇష్టమొచ్చిన చోటికి మోసుకెళ్ళడం కుదరదు. ఆ కాగితాల టెన్షన్ ఎవరు పడతారు? మీ ఈఎన్‌టీ పడ్డారంటే మెచ్చుకోవాలి. నావరకు స్కాన్ ఉపయోగం ఎవరిని ముందు స్టడీకి పంపాలో తేల్చడం.

రాత్రి డ్యూటీ:
ఇదే మాట మొదట్లో అనుంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు.

హాల్లో పరుపు గారూ, గుండె ఫెయిల్యూర్, పక్షవాతం, పెద్ద ఊపిరితిత్తుల జబ్బు లేకుండా అనుమానం గట్టిగా ఉంటే ఇంటి టెస్టుతో మొదలుపెట్టొచ్చు, డాక్టర్ని అడగండి. ఒక తిరకాసుంది. చాలా ఇంటి మిషన్లలో తల వైర్లు ఉండవు, ఎప్పుడు నిద్రపోయారో దానికి తెలీదు. రికార్డు అయిన మొత్తం సమయంతో భాగిస్తుంది. అందుకని అంకె తక్కువ రావచ్చు. తక్కువొచ్చినా పగలు కునుకు తగ్గకపోతే ల్యాబ్‌కి రండి. ల్యాబ్‌లో నిద్రపోయిన గంటలతోనే భాగిస్తాం.

కాకినాడ కాజా:
ఆగండాగండి. నేను నిద్రే పోలేదన్నాగా. మరి నా 41 దేంతో భాగించారు?

రాత్రి డ్యూటీ:
నిద్రపోయారు సార్. వైర్లకి తెలిసింది, మీకు తెలియలేదు.

కాకినాడ కాజా:
మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించకండి.